ఆళ్లగడ్డ మాట... జర్నల్ బాట!

‘సర్పదష్టులైన వ్యక్తికి మీరు అందించే ప్రథమ చికిత్స ఏమిటి?’

ఇంగ్లిషు ప్రశ్నని ఎవరో కూర్చుని పద్ధతిగా తెలుగు చేస్తే ఇలాగే ఉంటుంది. ఆళ్లగడ్డ దగ్గర వరిమడిలో కలుపు తీస్తున్న మనిషి ముందు నిలబడి ఈ వాక్యం చదివి చూడండి. ‘ఏందిమ్మా అది?’ అంటుంది. అదే, ‘అక్కా, పాము కరిస్తే ముందు ఏం చేస్తారు?’ అని అడిగితే తడుముకోదు. ‘కట్టు కడతాం. మంత్రం ఏపిస్తాం. తగ్గకుంటే ఆస్పత్రికి తోలకపోతాం’ అనేస్తుంది.

ఆ మూడు ముక్కల్లోనే ఓ పరిశోధన పత్రానికి సరిపడా సరుకుంది.

నంద్యాలలో వైద్యం చదువుతున్న ఓ అమ్మాయి ఆ సరుకుని పట్టుకుందనుకుందాం. పల్లెపల్లెకీ తిరిగి ఇలాంటి జవాబులు రాసుకుని, వాటిని ఆరోగ్య సమాచారం మీద పరిశోధనలు వేసే ఓ అంతర్జాతీయ జర్నల్‌కి పంపాలనుకుంది. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకి నలభై కిలోమీటర్లు, బస్సెక్కితే గంట. మరి ఆళ్లగడ్డ నుంచి జర్నల్‌కి? ఏడాది పట్టొచ్చు, రెండేళ్లూ పట్టొచ్చు. దారిలోనే ఆగిపోవచ్చు కూడా.

మందు ఉంది... మాటే అందలేదు!

‘ఆరోగ్య సమాచారం’ అంటే ఆస్పత్రి గోడ మీది పోస్టరేగా అనిపిస్తుంది. ఆ పోస్టర్ని ఎవరు చదివారు, చదివినవాళ్లకి ఏం అర్థమైంది, అర్థమైనా ఎందుకు పాటించలేదు... ఇదంతా ఇప్పుడు ఓ శాస్త్రం. ‘హెల్త్ కమ్యూనికేషన్’ అనే జర్నల్ 1989లో మొదలైంది. ‘జర్నల్ ఆఫ్ హెల్త్ కమ్యూనికేషన్’ 1996లో వచ్చింది. మందు పనిచేస్తుందా లేదా అన్నది వీటికి అసలు ప్రశ్న కాదు. మందు గురించి చెప్పిన మాట మనిషి దాకా చేరిందా అన్నదే ప్రశ్న.

పాముకాటునే తీసుకోండి. విషానికి విరుగుడు మందు మన దగ్గర ఉంది. ఎక్కువమందిని పొట్టనపెట్టుకునే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర... ఈ నాలుగింటి విషానికీ కలిపి ఒకే ఇంజెక్షన్. అయినా జనం చనిపోతూనే ఉన్నారు. ఎంతమంది? చాలాకాలం ఆస్పత్రి రికార్డుల్లో ఉన్నదే లెక్క. 2011లో ‘ప్లాస్ నెగ్లెక్టెడ్ ట్రాపికల్ డిసీజెస్’ అనే జర్నల్‌లో వచ్చిన ఓ పత్రం ఆ లెక్కని తిరగరాసింది. 2001-03 మధ్య దేశవ్యాప్తంగా సంభవించిన లక్షా 23 వేల మరణాలను తీసుకుని, ఇళ్లకు వెళ్లి ‘మీవాళ్లు ఎలా పోయారు?’ అని అడిగితే తేలిందేంటంటే... ఏటా దాదాపు 46 వేలమంది పాముకాటుతోనే చనిపోతున్నారని. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 5,200. జనాభా నిష్పత్తిలో చూస్తే, లక్షకి 6.2 మరణాలతో దేశంలో మనదే మొదటిస్థానం! అన్నిటికన్నా కలవరపెట్టే విషయం మరొకటుంది. ఆ చనిపోయినవాళ్లలో నాలుగింట మూడు వంతులమంది ఆస్పత్రి బయటే ప్రాణం వదిలారు.

2020లో ‘ఈలైఫ్’ జర్నల్‌లో మరో పత్రం వచ్చింది. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో 12 లక్షలమంది పోయారని అది అంచనా కట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే పాముకాటుని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలంటూ 2024 మార్చిలో కేంద్రం ఓ జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే, ఇళ్లకు వెళ్లి అడగకపోతే ఆ లెక్క బయటపడేదే కాదు. అడిగి ఊరుకున్నా లాభం లేదు. ఎవరో కూర్చుని రాయాలి, పంపాలి, అచ్చవ్వాలి.

ఏ కట్టు?

మళ్లీ ఆ అక్క చెప్పిన మొదటి ముక్క దగ్గరికి వద్దాం. ‘కట్టు కడతాం.’

పాము కరిచిన చోటుకి పైన తాడో పైటకొంగో బిగించి కట్టడం పల్లెల్లో అందరికీ తెలిసిందే. సినిమాల్లో హీరో చేసేదీ అదే. వైద్యులు మాత్రం వద్దంటారు. గట్టిగా బిగిస్తే రక్తం ఆడక కాలు చచ్చుబడే ప్రమాదముంది. ఆస్పత్రిలో ఒక్కసారిగా విప్పితే మరో ముప్పు. కొయ్యడం, నోటితో పీల్చడం, పసరు పొయ్యడం కూడా వద్దు. ధైర్యం చెప్పి, కాలో చెయ్యో కదలకుండా చూసి, వీలైనంత త్వరగా ఆస్పత్రికి చేర్చాలి. పామును చంపి వెంట తీసుకెళ్లాల్సిన పనీ లేదు.

ఇందులో ఓ చిక్కుంది. కాలు కదలకుండా చూడాలంటే ఏం చెయ్యాలి? కర్రముక్కో అట్టముక్కో ఆనించి, గుడ్డతో వదులుగా చుట్టాలి. దాన్నేమంటాం? కట్టు! అంటే ఒకే పోస్టరు మీద మొదటి వరసలో ‘కట్టు కట్టరాదు’ అనీ, మూడో వరసలో ‘కదలకుండా కట్టు కట్టండి’ అనీ ఉంటుందన్నమాట. ఇంగ్లిషులో ఈ రెండిటికీ వేర్వేరు మాటలున్నాయి. మొదటిది టోర్నికే, రెండోది స్ప్లింట్. తెలుగులోకి వచ్చేసరికి రెండూ కట్టే అయిపోయాయి. కంగారులో ఉన్న మనిషికి ఏది గుర్తొస్తుంది? చిన్నప్పట్నుంచీ చూసిందే.

నంద్యాల అమ్మాయి రాసుకున్న కాగితాల్లో అసలు విషయం ఇదే. జర్నల్‌కి కావలసిందీ ఇలాంటిదే. ‘ఫలానా మండలంలో ఇంతమందికి అవగాహన లేదు’ అని రాసే పత్రాలు కోకొల్లలు. అవగాహన లేదు, ఇంకా పెంచాలి... అని ముగించేవాటిని చూసీ చూసీ ఎడిటర్లకి విసుగొచ్చేసి ఉంటుంది. ఆళ్లగడ్డలో ఏం తెలిసింది, దానివల్ల బిహార్‌లోనో బర్మాలోనో పాముకాటు మీద పనిచేసేవాళ్లకి ఏం ఉపయోగం? ఈ ప్రశ్నకి జవాబుంటేనే పత్రం ముందుకు కదులుతుంది.

అడగడానికీ అనుమతి కావాలి

చాలా పత్రాలు రాయడం మొదలెట్టకముందే చచ్చిపోతాయి. కారణం, అడగడానికి ముందు తీసుకోవాల్సిన అనుమతి తీసుకోకపోవడం!

మనుషుల మీద ఏ పరిశోధన చెయ్యాలన్నా ముందుగా సంస్థలోని నైతిక కమిటీ ఒప్పుకోవాలి. ‘సూదిమందు ఇవ్వట్లేదు కదా, నాలుగు ప్రశ్నలేగా’ అంటే కుదరదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో సవరించిన మార్గదర్శకాల్లో ఇదంతా వివరంగా ఉంది. కమిటీలో డాక్టర్లే కాదు, న్యాయం తెలిసినవాళ్లూ, వైద్యంతో సంబంధంలేని మామూలు మనిషీ ఉండాలి. ఊళ్లన్నీ తిరిగొచ్చాక ‘వెనక తేదీతో ఓ సంతకం పెట్టండి సార్’ అని బతిమాలుకోవడాలు ఉంటూనే ఉంటాయి. జర్నల్ మొదట అడిగేదే ఆ అనుమతి నంబరూ తేదీ. తేదీ కలవకపోతే, పత్రంలో బంగారమున్నా పక్కన పెట్టేస్తారు.

తర్వాత సమ్మతి పత్రం. ఇష్టమైతేనే చెప్పొచ్చు, మధ్యలో మానెయ్యొచ్చు, పేరు బయటికి రాదు... ఇవన్నీ తెలుగులో, చదువురానివాళ్లకి చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. వేలిముద్ర అనగానే సగంమంది వెనక్కి తగ్గుతారు. భూమి కాగితాల భయం మరి!

ఇక ప్రశ్నావళి. ఇంగ్లిషు నుంచి తెలుగులోకి ఒకరు మారుస్తారు. అసలు ప్రతిని చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లిషులోకి మారుస్తారు. రెండూ పోల్చి చూడాలి. ఈ వెనక అనువాదంలోనే ‘కట్టు’లాంటివి దొరికిపోతాయి. ‘డాక్టర్ దగ్గరికి వెళ్లారా?’ అన్న ప్రశ్నా అలాంటిదే. అందరూ ‘పోయినాం’ అంటారు. ఏ డాక్టరు? ఊళ్లో సైకిల్ మీదో మోటారు సైకిల్ మీదో వచ్చే ఆర్‌ఎంపీ కూడా డాక్టరే! ఆ సంగతి పట్టించుకోకుండా లెక్కేస్తే, ఆ ఊళ్లో నూటికి తొంభైమంది వైద్యుడి దగ్గరికే వెళ్తున్నట్టు తేలినా ఆశ్చర్యం లేదు. ‘పూర్తిగా ఏకీభవిస్తాను, కొంత ఏకీభవిస్తాను, తటస్థం...’ అంటూ అయిదు మెట్ల జవాబులు మరో తంటా. అవునో కాదో చెప్పమంటే సరేగానీ, కొంత అవునేంటని నవ్వుతారు. అందుకే కొందరు పరిశోధకులు ఆ మెట్లకి బదులు పావలా, అర్ధరూపాయి, రూపాయి లెక్కలో అడుగుతారు. రూపాయిలో ఎన్నణాలు నమ్ముతావంటే పెద్దవాళ్లు ఠక్కున చెప్పేస్తారు.

ఇవన్నీ పత్రంలో ‘పద్ధతులు’ అనే భాగంలో రాయాలి. విద్యార్థులు అక్కడ రెండు పేరాలతో సరిపెట్టి ఫలితాల పట్టికలు మాత్రం పేజీలకు పేజీలు నింపేస్తారు. సమీక్షకులు ముందుగా చదివేదేమో పద్ధతుల్నే!

పేర్ల పంచాయితీ

పత్రం తయారైంది. పైన ఎవరి పేర్లుండాలి? ఇళ్లల్లో పెళ్లి శుభలేఖ మీద పేర్ల దగ్గర వచ్చే గొడవే ఇక్కడా వస్తుంది. విభాగాధిపతి పేరు, ఆయన చెప్పిన మరొకరి పేరు, లెక్కలు వేసిపెట్టిన స్నేహితుడి పేరు... 1978లో కెనడాలోని వాంకూవర్‌లో సమావేశమైన వైద్య పత్రికల ఎడిటర్ల బృందం ఆ తర్వాత దీనికో నియమం పెట్టింది. పనిలో గణనీయంగా పాలుపంచుకోవాలి, రాతలోనో దిద్దుబాటులోనో చెయ్యి ఉండాలి, చివరి ప్రతికి ఒప్పుకోవాలి, తప్పొస్తే బాధ్యత తీసుకోవాలి. నాలుగూ ఉంటేనే రచయిత. మిగతావాళ్లకి కృతజ్ఞతలు చెబితే చాలు. నియమం బాగానే ఉంది. విద్యార్థి వెళ్లి గురువుగారికి దాన్ని ఎలా చదివి వినిపిస్తుంది?

రచయితల్లో ఈమధ్య మరో కొత్త పోటీదారు చేరాడు. చాట్‌జీపీటీలాంటి సాధనాలను రచయితగా చూపించకూడదని 2023 మొదట్లోనే పెద్ద జర్నళ్లు తేల్చి చెప్పాయి. ఇంగ్లిషు దిద్దుకోవడానికి వాడుకుంటే వాడుకున్నామని రాయమంటున్నాయి. ఎందుకంటే ఆ సాధనం లేని పత్రాల్ని ఉన్నట్టుగా ఉదహరించగలదు. ఆళ్లగడ్డ అక్క అనని మాటని అందంగా అనిపించనూ గలదు.

పంపడం ఇప్పుడంతా కంప్యూటర్ మీదే. పేర్లున్న మొదటి పేజీ ఒక ఫైలు, పేర్లు లేని అసలు పత్రం మరో ఫైలు. రాసిందెవరో సమీక్షకులకు తెలియకూడదు, సమీక్షకులెవరో రాసినవాళ్లకు తెలియకూడదు. ‘మా నంద్యాల కళాశాలలో’ అన్న మాట పత్రం లోపల ఎక్కడో మిగిలిపోతే గుట్టు రట్టయినట్టే. ఎడిటర్‌కో ఉత్తరం కూడా జతచెయ్యాలి. ఇది కొత్తగా ఏం చెబుతోంది, మీ జర్నల్‌కే ఎందుకు పంపుతున్నాం అన్నది ఆ ఉత్తరంలో ఉండాలి. ఒక పత్రాన్ని ఒకేసారి రెండుచోట్లకి పంపడం మాత్రం నేరం కింద లెక్క.

ఆపైన ఎదురుచూపు. కొన్ని పత్రాలు సమీక్ష దాకా కూడా వెళ్లవు. వారం పదిరోజుల్లోనే ‘మా పరిధిలోకి రాదు’ అంటూ మర్యాదగా వెనక్కొస్తాయి. ముందుకెళ్లినవాటిని ఇద్దరో ముగ్గురో సమీక్షకులు చదువుతారు. వాళ్లకి జీతం ఉండదు, తీరిక దొరికినప్పుడే చదువుతారు. అందుకే నెలలు గడుస్తాయి. ఓ రోజు జవాబొస్తుంది. ‘మార్పులు చేసి పంపండి’ అని. కింద ఇరవయ్యో ముప్ఫయ్యో ప్రశ్నలు! ‘మీరు కట్టు అన్నదాన్ని టోర్నికే అని ఎందుకు అనువదించారు? బ్యాండేజ్ అనుకోవచ్చు కదా?’ అన్నది వాటిలో ఒకటి అయ్యుండొచ్చు. కొత్తవాళ్లు ఇక్కడే డీలా పడిపోతారు. కానీ అనుభవజ్ఞుల దృష్టిలో అది శుభవార్త. తిరస్కరించాలనుకున్నవాళ్లు అన్ని ప్రశ్నలు వెయ్యరుగా. ప్రతి ప్రశ్ననీ రాసి, దాని కింద జవాబూ, ఏ పేజీలో ఏ వరసలో ఏం మార్చారో చెబుతూ ఉత్తరం తయారుచెయ్యాలి. సమీక్షకుడి మాట తప్పనిపిస్తే కాదనొచ్చు కూడా, కారణం చూపించి. ఆళ్లగడ్డలో కట్టంటే ఏమిటో లండన్‌లో ఉన్నాయనకన్నా ఆళ్లగడ్డ వెళ్లొచ్చిన అమ్మాయికే బాగా తెలుసు మరి.

‘గౌరవనీయ ప్రొఫెసర్ గారికి...’

ఈ ఎదురుచూపుల్లో ఉండగానే మెయిల్లో మరో ఉత్తరం వస్తుంది. ‘గౌరవనీయ ప్రొఫెసర్ గారికి శుభాకాంక్షలు. మీ అమోఘమైన పరిశోధన చూశాం. మా జర్నల్‌కి రాయండి. వారంలో ప్రచురిస్తాం.’ ఆ గౌరవనీయ ప్రొఫెసర్‌కి ఇంకా ఎంబీబీఎస్ పూర్తికాలేదు!

ఎర ఇది. ప్రచురణకి డబ్బు తీసుకోవడం తప్పేం కాదు. అందరూ ఉచితంగా చదువుకునేలా వేసే మంచి జర్నళ్లూ రచయితల దగ్గర రుసుము తీసుకుంటాయి. చందాలమీద నడిచేవాటిలో చాలావాటికి పైసా కట్టక్కర్లేదు. తేడా ఎక్కడంటే, ఎర వేసేవాళ్లు సమీక్ష చెయ్యరు. జాన్ బొహానన్ అనే అమెరికన్ పాత్రికేయుడు 2013లో తప్పులతడకలాంటి ఓ దొంగ పత్రాన్ని తయారుచేసి 304 జర్నళ్లకి పంపాడు. సగానికి పైగా ‘భేష్’ అంటూ తీసుకున్నాయి. ఆ కథంతా ‘సైన్స్’ పత్రికలో వచ్చింది.

మన గుమ్మంలోనూ ఇలాంటి కేసుంది. హైదరాబాద్‌కి చెందిన ఒమిక్స్ గ్రూప్ మీద 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకెళ్లింది. సరైన సమీక్ష లేదు, రుసుము సంగతి ముందే చెప్పరు, పంపిన పత్రాన్ని వెనక్కి తీసుకోనివ్వరు... అన్నవి అభియోగాలు. 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలంటూ 2019 మార్చిలో అక్కడి ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది.

తెలిసీ ఎందుకు పంపుతారు? పదోన్నతికి పత్రాలు కావాలి కాబట్టి. కళాశాలలు పెరిగాయి, అధ్యాపకులు పెరిగారు. నంద్యాలలోనే శాంతిరామ్ వైద్య కళాశాలకు తోడు 2023లో 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. పోయేది డబ్బే అయితే ఇంత బాధ లేదు. ఒకచోట అచ్చయిన పత్రాన్ని మరోచోట వెయ్యరు. మడిలో నడుం వంచి కలుపు తీస్తూ, చేతిలో పని ఆపి, ఆ అక్క చెప్పిన జవాబు ఎవరూ నమ్మని, ఎవరూ తెరవని పేజీలో ఇరుక్కుపోతుంది. పాముకాటు మీద పనిచేసేవాళ్లకి అది ఉన్నట్టే తెలియదు.

పల్లె చెబితేనే...

పరిశోధన అన్న మాట నంద్యాలకి కొత్త కాదు. ఇక్కడి వ్యవసాయ పరిశోధన క్షేత్రం 1906 నాటిది. రైతులు చేలో వేసుకున్న ‘నరసింహ’ పత్తి పుట్టింది ఇక్కడే. పల్లె నుంచి బయల్దేరిన విషయం జర్నల్ దాకా వెళ్లి లోకాన్ని కదిలించిన సందర్భమూ తెలుగునేల మీద ఉంది. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషుల నడుములు బిగుసుకుపోవడం, పళ్లు గారపట్టడం జనం ఏళ్లతరబడి చూస్తూనే ఉన్నారు. దానికి కారణం తాగేనీళ్లలోని ఫ్లోరైడ్ అని వివరిస్తూ షార్ట్, ఆయన సహచరులు 1937లో కలకత్తా నుంచి వెలువడే ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో రాశారు. మనదేశంలో ఫ్లోరోసిస్ మీద వచ్చిన తొలి నివేదికగా ఇప్పటికీ దాన్నే ఉదహరిస్తారు.

ఇంట్లో వైద్యం చదివే పిల్లలుంటే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఎంబీబీఎస్ విద్యార్థులు రెండు నెలలపాటు సొంతంగా పరిశోధన చేసుకునేలా వైద్య పరిశోధన మండలి 1979లోనే ఓ పథకం పెట్టింది, ఉపకారవేతనం కూడా ఇస్తుంది. చదవడానికి జర్నళ్లు దొరకవన్న సాకు కూడా కొంత తగ్గింది. ‘ఒకే దేశం, ఒకే చందా’ పేరుతో 2025 జనవరి నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకి 13 వేల జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. మూడేళ్లకి కేంద్రం కేటాయించింది 6 వేల కోట్ల రూపాయలు. ప్రైవేటు కళాశాలల్ని మొదటి దశలో చేర్చలేదు.

సరే, నంద్యాల అమ్మాయి పత్రం అచ్చయిందనుకుందాం. ఇంగ్లిషులో, పట్టికలతో సహా. ఆళ్లగడ్డలో దాన్నెవరు చదువుతారు? ఎవరూ చదవరు. అక్కడికి చేరాల్సింది ఆరోగ్యకేంద్రం గోడమీది పోస్టరే. ‘కట్టు’ అన్న మాట పూర్తిగా తీసేసి రాస్తే అది ఇలా ఉండొచ్చు: ‘తాడు బిగించొద్దు. కాలు విరిగితే బద్ద పెడతారే, అలా పెట్టి కదలకుండా చూడండి. 108కి ఫోన్ చెయ్యండి.’ రాయలసీమలో పుత్తూరు కట్టు తెలియని ఇల్లుండదు కాబట్టి బద్ద అంటే అర్థమవుతుందని ఆ అమ్మాయి నమ్మకం.

అచ్చుకి ఇచ్చేముందు మాత్రం, కాగితం పట్టుకుని ఓసారి మళ్లీ ఆ మడిగట్టు మీదికి వెళ్లాలి. ‘అక్కా, బద్ద పెట్టడమంటే నీకేం తెలిసింది?’ అని అడగాలి.